శరభం కళ్లు

తిరుమలగిరి,
22-2-1961.

పూజ్యులైన అన్నయ్య రఘుపతి గారి పాదాలకు చెల్లెలు యాదలక్ష్మి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, అమ్మ, రెండు మేకలు క్షేమం. నల్గొండలో మీరు, వదిన, పిల్లలు క్షేమమని తలుస్తాను. మర్యాద ఇంతవరకు చాలు కాబట్టి ఇక మామూలుగా రాస్తాను.

బాపు పనిముట్ల పెట్టెను వచ్చే సోమవారం చిన్నాయన కొడుకు దశరథానికి ఇచ్చేయమని రాశావు. ఇవ్వను. బొమ్మకు కళ్లు పెట్టడం ఇంట్లో పెద్ద మగవాడి పని అని, ఆడది పెడితే బొమ్మకు జీవం రాదని, ఆట ఆడేవాళ్లకు అరిష్టమని రాశావు. నేను కళ్లు పెట్టిన సంగతి నీకు ఎవరు మోశారో నాకు తెలుసు. వాడు చెప్పనిది నేను చెప్తాను.

భాగోతం మేళం పెద్ద కాటమయ్య శివరాత్రి ఆటకు శరభం కావాలని ముందు దశరథాన్నే అడిగాడు. సింహం తల, గద్ద రెక్కలు, ఎనిమిది కాళ్లు. ఆటలో అది మెడ తిప్పాలి, రెక్కలు విప్పాలి, కాళ్లన్నీ మడిచి కూర్చోవాలి. దశరథం తీగ బాగానే కట్టాడు. కానీ నున్నగా కనబడాలని మెడకూ మోకాళ్లకూ కూడా మట్టి మెత్తాడు. ఎండిన తరువాత కాటమయ్య తల తిప్పగానే మెడ పెళ్లలు పెళ్లలుగా రాలింది. వంగే చోట మట్టి పెట్టొద్దు, గుడ్డే చుట్టాలని బాపు ఎన్నిసార్లు చెప్పాడు. నువ్వు విన్నావు, దశరథం విన్నాడు. చేతులతో నేర్చుకున్నది మాత్రం నేను.

అప్పటికి శివరాత్రి ఇంకో వారమే ఉంది. కాటమయ్య మన గడపలో కూర్చొని, బాపును తలచుకొని, లచ్చన్న ఉంటే గిట్లయ్యేదా అని తల పట్టుకున్నాడు. నేను చేస్తానన్నాను. పాత సైకిల్ చువ్వలతో వెన్నెముక, కట్టు తీగతో కాళ్లు కట్టాను. చెరువు మట్టిలో దూది, చింతగింజల బంక కలిపి దంచి తలకూ గోళ్లకూ మాత్రమే పెట్టాను. మిగతా ఒళ్లంతా బాపు పాత పంచె చుట్టి కుట్టాను. ఒక రెక్క బరువై ఒరిగిపోతుంటే రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను. తీగ కోసిన వేళ్లు ఇంకా మానలేదు, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

చివరికి కళ్లు మిగిలాయి. కళ్లకు దశరథాన్ని పిలుద్దామన్నాడు కాటమయ్య. ఒళ్లంతా నేను చేసి కళ్లకు ఇంకొకరి చేయి ఎందుకని అడిగాను. ఒక్కపొద్దు ఉన్నాను, తలస్నానం చేశాను, అందరూ చూస్తుండగానే కుంచె పట్టి రెండు కళ్లూ పెట్టాను. కాటమయ్య బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. తల అటూ ఇటూ తిప్పాడు, రెక్కలు విప్పాడు. తరువాత, మంచిగనే సూస్తాంది బిడ్డా, నాకింకేం గావాలె అని బొమ్మను భుజానికెత్తుకున్నాడు. ఆటలో శరభం రెక్క విప్పితే ముందు వరుసలో కూర్చున్నవాళ్లు వెనక్కి జరిగారు. అరిష్టం ఎవరికీ రాలేదు. దశరథానికి మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదట.

నీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. బాపు పోయాక నువ్వు తీసుకెళ్లిన ఆయన చివరి శరభాన్ని దేవుని గూట్లో పెట్టుకున్నావని, గదిలో ఏ మూల నిలబడ్డా దాని ఎడమ కన్ను నిన్నే చూస్తుందని, అటువంటి కన్ను పెట్టడం ఆడదాని వల్ల అవుతుందా అని. ఆ ముక్క అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అన్నా, కోపంతో పాటు నాకు బాధ కూడా ఉంది. పెట్టె నీకు కావాలా అని నువ్వు నన్ను అడగనే లేదు. నువ్వు చదువుకు నల్గొండ పోయినప్పటి నుంచి దాని పక్కన కూర్చున్నది నేనే. అందులో ఏ ఉలి ఎక్కడ ఉందో కళ్లు మూసుకొని తీస్తాను. అది ఈ ఇంట్లోనే, నా దగ్గరే ఉంటుంది. దశరథం సోమవారం రాదలచుకుంటే రమ్మను, పని నేర్పుతాను. మొదటి ఏడాది మట్టి పిసకాలని ముందే చెప్పు.

వదినను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు,
యాదలక్ష్మి.

తా.క.: చివరి మూడేళ్లు బాపు చేతులు వణికేవి. కుంచె నిలిచేది కాదు. తలుపు వేసుకొని ఆయన పక్కన కూర్చొని, కళ్లు నేను పెట్టేదాన్ని. బయట గడపలో కాపలా ఉన్నది అమ్మ. నేను బతికున్నన్ని దినాలు ఎవలకు జెప్పకు బిడ్డా అని బాపు ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయి ఏడాది దాటింది, ఒట్టు తీరింది. నీ గూట్లోని శరభం ఎడమ కన్ను నిన్నే చూడడం ఎవరి పనితనమూ కాదు. అది పెడుతుండగా నాకు దగ్గు వచ్చి నల్లగుడ్డు కాస్త పక్కకు జరిగింది. చెరిపేస్తానంటే బాపు, ఉండనీ, మంచిగుంది అన్నాడు. నీకు అరిష్టమనిపిస్తే, రేపు దీపం పెట్టే ముందు గీకేయి.