స్టీలు గ్లాసు చప్పుడు

గోదావరిఖని,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి టోనీకి,

ఆ మంచుకొండల్లో ప్రభువు నిన్ను కంటిరెప్ప లెక్క కాపాడాలని కోరుతూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగున్నం. అలవాటు కొద్దీ రాస్తలేను బిడ్డా, ఈసారి నిజంగనే బాగున్నం. సొరంగం పనిల చలి ఎక్కువున్నదని రాసినవు. నేను పంపిన మఫ్లరు చెవులకు కట్టుకో, పెట్టెల దాచకు.

పక్షవాతం కొట్టిన బాపు కుడిచెయ్యి ఎట్లున్నదని అడిగినవు. భుజం దాటి ఇంకా లేస్తలేదు గాని వేళ్ళు ముడుచుకుంటున్నయి. దవాఖానకు తప్పకుండ తీస్కపోతున్న. అక్కడి ఏటిల నువ్వు నేర్చుకున్న ఫ్లై ఫిషింగ్ బాపు కూడ నేర్చుకుంటే చెయ్యి కదులుతదని గాలం కర్ర పంపినవు గదా, ఆయన దాన్ని ముట్టలేదు. గోడ దిక్కు తిరిగి పండుకునుడే. కొడుకు పంపిన కర్ర మూలకు పడి ఉంటే నాకు పాణం ఒప్పలేదు. నేనే పట్టిన.

నవ్వకు. ఎర లేకుండ, ఈకలతో కట్టిన ఈగను నీళ్ళ మీద వాలిస్తే చేప మోసపోతదని రాసినవు. ముందుగాల నువ్వు చెప్పినట్టే కొక్కెం లేకుండ, దారం కొసకు ఎర్ర ఉన్ను ముక్క కట్టి క్వార్టరు ముందట విసరబట్టిన. దారం నా కాళ్ళ దగ్గరనే కుప్ప పడేది. ఒకనాడు పోయి పక్కింటి పూలమ్మ ఆరేసిన దుప్పటికి చుట్టుకున్నది.

"ఏందక్కా, నీళ్ళు లేని తాన ఏం చేపలు? నా దుప్పటితోని పులుసు పెడ్తవా?" అన్నది.

"నేర్చుకుంటున్న పూలమ్మా, జర ఓపిక పట్టు."

"మందిరంల నీ గొంతే ఇనపడదు. ఇప్పుడు కాలనీ అంత నిన్నే చూస్తున్నది!"

అప్పుడే లోపలి నుంచి ఠంగుమన్నది. బాపు ఎడమచేత్తోని చెంచా పట్టి స్టీలు గ్లాసు మీద కొట్టిండు. నీళ్ళు కావాలెనేమో అని ఉరికిన. కాదని తల ఊపి, కిటికీల నుంచి కర్ర దిక్కు చూపించిండు. మళ్ళ విసిరిన. కర్ర వెనక్కి పోంగనే గ్లాసు మీద ఒక దెబ్బ పడ్డది.

అప్పుడు అర్థమైంది. బొగ్గు బాయిల డబ్బాలను తాడుతోని గుంజే హాలేజీ నడిపినన్నేండ్లు ఆయన చెవులు గంట మీదనే ఉండె. ఒకసారి మోగితే తాడు ఆపాలె, రెండుసార్లు మోగితే నడపాలె. చిన్నప్పుడు నీకు అన్నం తినిపిస్త గూడ గదే ఆట ఆడెటోడు. నా తప్పేందంటే, కర్ర వెనక్కి తీసినంక నేను ఆగుతలేను. ఒక దెబ్బకు ఆగిన. దారం వెనక సాపుగ పరుచుకునేదాక చూసి రెండు దెబ్బలు కొట్టిండు. ముందుకు విసిరిన. మందారం చెట్టు మీదికెల్లి పోయి మెల్లగ వాలింది. పూలమ్మనే చప్పట్లు కొట్టి, ఈగ కట్టుకోమని తన కోడిపుంజు ఈకలు తెచ్చిచ్చింది.

నిన్న పొద్దున ఆటోల గోదారి గంగ ఒడ్డుకు పోయినం. దవాఖానకు తప్ప గడప దాటని మనిషి, చెంచా, గ్లాసు తనే సంచిల పెట్టుకున్నడు.

చేప పడ్డదా అని అడుగుతవు. పడ్డది. బొమ్మె చేప. కర్ర వంగిపోయింది. భయానికి రీలు గబగబ తిప్పుతున్న, దారం తెగేటట్టున్నది. గ్లాసు మోగుతదని చూస్తే, చెంచా ఆయన చేతిలకెల్లి జారి ఇసుకల పడ్డది.

ఇక్కడ నీకొకటి చెప్పాలె. నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల బాపు పండుకున్నడనో, తానం చేస్తున్నడనో అన్న. అబద్ధం బిడ్డా. పక్కనే కూసోని నీ గొంతు ఇనెటోడు. పక్షవాతం వచ్చినకాన్నుంచి ఆయనకు ఒక్క మాట రాలేదు. మంచుకు తొవ్వలు బందై అప్పుడు నువ్వు రాలేకపోతివి. మాట పోయిందని తెలిస్తే నౌకరి ఇడిసి వస్తవని దాచిన. రోజూ మోకాళ్ళ మీద దేవునికి ఒప్పుకున్న, నీకే చెప్పలేకపోయిన.

చెంచా పడంగనే వెనక నుంచి "ఆ... పు" అని ఇనపడ్డది. మళ్ళొకసారి, "ఆపు, సువార్తా."

నా చేతులు సడలినయి. చేప తప్పిచ్చుకున్నది. ఆయన పెదవులు కూడదీసుకొని, "ఎందుకు... ఇడిసినవ్?" అని కోపం చేసిండు. ఒడ్డు మీద అందరు చూస్తుండంగ నేను గట్టిగ స్తోత్రం చెప్పిన.

ఇయ్యాల మందిరంల లేచి సాక్ష్యం కూడ చెప్పిన. గర్వం మంచిది కాదని నీకు నేర్పిందే నేను. దేవుడు క్షమించాలె, మస్తు గర్వమైంది. ఆయన మీద, కొంచెం నా చెయ్యి మీద గూడ.

జాబు అందినంక ఫోన్ చెయ్యి. బాపు పండుకున్నడని ఇగ చెప్ప. మాట ఆలస్యంగ వస్తది. నువ్వు తొందరపడి పెట్టెయ్యకు, జర ఆగు.

ఇట్లు,
బాపు పక్కన కూసోని రాస్తున్న
మీ అమ్మ,
సువార్త