రేపు చూద్దామన్న బోల్టు

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీరు ఇంట్లోనే తయారుచేసుకుంటున్న ఎర్ర కారు కోసం ఇంజినూ సీట్లూ అన్నీ పీకేసిన పాత కారు డొల్లను తీసుకెళ్ళడానికి పాత ఇనుము లారీ వచ్చింది. దాని ఇనుప పంజా కిందికి దిగుతుంటే మన పాప అడ్డంపడి అరిచింది. "స్టాప్! డాడీస్ రైటింగ్!"

విప్పే ప్రతి బోల్టు పక్కనా, కొత్త కారులో దాన్నెక్కడ బిగించాలో తెలుగులో రాసేవారుగా. ఈ దేశంలో పెరిగిన పాపకి తెలుగు చదవడం రాదు. మిగిలిపోయిన ఒక్క బోల్టు పక్కన ఉన్నది నేనే చదివాను. "బిగుసుకుపోయింది. రేపు చూద్దాం." మీ రేపు సంగతి నాకు తెలియదా!

"ఫైవ్ మినిట్స్, మిసెస్," అన్నాడు డ్రైవరు, ఇంజిను ఆపకుండానే. పాప పానా వేసింది. ఇద్దరం చేతులు బొబ్బలెక్కేలా తిప్పితే కదిలింది.

డొల్ల వెళ్ళిపోయింది. బోల్టు నా చేతిలో ఉంది. దీన్నెక్కడ బిగించాలో మీరు రాయలేదు.