నాలుగూ ఒక్కతీరు టైర్లు

మరియా, నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదాయె. ఇది నువ్వు చదువవని తెల్సు. అయినా నీకు చెప్పకుంటె నా కోపం సల్లారది.

బొగ్గుగని దవాఖానకు రోగులను తీస్కపోయే చిన్న బ్యాటరీ బండి యాదికున్నదా? కుడి దిక్కు పెద్ద టైర్లు, ఎడమ దిక్కు చిన్నయి. నిన్ను పండవెట్టి తీస్కపోయిన నాడు ఎడమకే ఒరిగింది, ఎడమకే గుంజింది. నువ్వు జారకుండ నేను ఆ అంచుకు కూసోని చెయ్యి అడ్డం పెట్టిన. "గిది గూడ నా మొగనిలెక్కనే, చెప్పిన దారిన పోదు" అని నవ్వినవు.

ఏడాదైనా అవే టైర్లు! పొద్దున బండ్ల షెడ్డు మేస్త్రి బండికి కొత్త రంగేసి, ప్రార్థన చెయ్యమని పాస్టరునైన నన్ను పిలిచిండు. నేను బైబిలు తెరిచిన.

"సంచిల హెచ్చుతగ్గుల తూకపురాళ్లు పెట్టుకోవద్దన్నడు దేవుడు. పాణాలు మోసే బండికి హెచ్చుతగ్గుల టైర్లా?"

"అయ్యగారూ, బైబిల్ల టైర్లు గూడ ఉన్నయా?"

"నీ స్టోరుల ఉన్నయి గద! అవి బిగించేదాక నేను ఆమెన్ అనను."

మధ్యాహ్నానికి నాలుగూ ఒక్కతీరువి బిగించిండ్రు. ప్రార్థన చేసి, దవాఖాన దాక బండెక్కి పోయిన. తిన్నగ పోయింది. గింత పనికి ఏడాది పట్టిందా!

దిగంగ మేస్త్రి అడిగిండు: "బండి ఒరుగుతలేదు గద అయ్యగారూ, ఎడమ దిక్కు చెయ్యెందుకు అడ్డం పెట్టిండ్రు?"