కుడి చెవికి చెప్పిన మాటలు

హుజూరాబాద్,
ఆదివారం, ఆరాధన అయ్యాక

ప్రియమైన వెస్లీ గారికి, గ్రేస్ వందనాలు.

ఇక్కడ నేను, అత్తమ్మ, మన పాప స్తుతి ప్రభువు కృపలో బాగున్నాం. మూడు నెలలు రోజూ ఫోన్‌లో నా క్షేమం మీరే అడిగారు కాబట్టి ఈసారి మీ క్షేమం నేను అడుగుతున్నాను.

మీ ఉత్తరంలో అత్తమ్మ మోకాళ్ల గురించి అడిగారు. నూనె రాస్తే కొంచెం నయం. స్తుతి సండే స్కూల్లో వాక్యం తప్పు లేకుండా చెప్పి పెన్సిల్ డబ్బా గెలుచుకుంది. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని కూడా అడిగారు. మీరు కొనిచ్చిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టాను. అందుకే ఈ ఉత్తరం.

సోమవారం మీతోపాటు పరిశోధనలో పనిచేసే మమతారాణి హైదరాబాద్ నుంచి మనింటికి వచ్చింది. చివరి ప్రశ్నలు అడగాలట. చాయ్ తాగుతూ, "మీరు మస్తు ఓపికతోని చేసిండ్రక్కా. ఫోన్‌తోని తలనొప్పి వస్తదా, నిద్ర చెడిపోతదా అని సూస్తున్నం గద! రోజు గంటసేపు చెవికి ఆనిచ్చి మాట్లాడుమంటె సగం మంది నడిమిట్లనే ఇడిసిపెట్టిండ్రు. వెస్లీ సారు గ్రూపుల మీరే మంచిగ పూర్తి చేసిండ్రు" అంది. నాకు ముందే తెలిసినట్టు తల ఊపాను. పరాయి మనిషి ముందు మీ పరువు తీయబుద్ధి కాలేదు.

పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నాతో అంతసేపు మాట్లాడింది లేదు. "ఇయర్‌ఫోన్ పెట్టుకోకు గ్రేసూ, నీ ఊపిరి గుడ వినపడాలె" అన్నారు. నేను సిగ్గుపడి ఫోన్ కుడి చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. చివర్లో "తలనొప్పి ఉన్నదా? నిద్ర పట్టిందా?" అని మీరు అడిగితే, ఈయనకు ఇన్నాళ్లకు నా మీద మనసు వచ్చిందని మురిసిపోయాను. పుట్టి పోయిన మన బాబు గురించి ఎవరికీ చెప్పుకోనివి మీకు చెప్పుకుని ఏడ్చాను. అప్పుడు మీరు గడియారం చూసుకుంటున్నారేమో. నన్ను మోసం చేశారు. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని కదా!

నేనూ ఒక సంగతి దాచాను. రెండో వారం నుంచే కుడి పక్క తల పగిలిపోయేది. కొంగు బిగించి కట్టుకుని పడుకునేదాన్ని. అది ఫోన్ వల్లో, మీ పిలుపు కోసం కాచుకుని నిద్ర పాడుచేసుకోవడం వల్లో నాకు తెలియదు. నొప్పి అంటే మాట్లాడడం మానేస్తారని భయపడి, అడిగినప్పుడల్లా "ఏం లేదు, మంచిగనే ఉన్న" అన్నాను.

కాబట్టి నా పేరు పక్కన తలనొప్పి లేదని మీరు రాసుకున్నది తప్పు. పదిమంది నమ్మే పని అది, దిద్దుకోండి. "ఇంక జరసేపు మాట్లాడుదామా?" అని మీరు అడిగినప్పుడల్లా "మాట్లాడుండ్రి" అన్నాను చూశారా, అది మాత్రం నిజం. దాన్ని ఎక్కడ రాసుకుంటారో మీ ఇష్టం.

ఇట్లు,
మీ భార్య
గ్రేస్