మాత్రకు ఉపవాసం లేదు

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు.

శుభవార్త అక్కయ్యా! మన ఝునాకు ఆపరేషన్ అక్కర్లేదు. నా బంగారుతల్లి గర్భసంచి పదిలంగా ఉంది.

పిల్లలు పుట్టకుండా అది మాత్రలు మింగుతోంది కదా. నెలసరి కాని రోజుల్లోనూ మైల కనబడుతోందని, అదేదో పుండని భయపడి, గర్భసంచి తీయించడానికి వియ్యపురాలూ నేనూ ఒప్పేసుకున్నాం. నిన్న కటక్‌లో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "మాత్ర రోజూ వేసుకుంటున్నావా?" అని అడిగింది.

"ఉపవాసాలప్పుడు తప్ప రోజూ వేసుకుంటానమ్మా. కార్తీకంలో సోమవారాలు, ఇప్పుడు మార్గశిరంలో లక్ష్మీపూజ గురువారాలు మానేశాను."

"మాత్రేమన్నా అన్నమా తల్లీ? అలా మానేస్తూ ఉంటే నెత్తురు కనబడదూ!" అని డాక్టరమ్మ నవ్వింది. జబ్బూ లేదు, కడుపూ రాలేదు, ఉపవాసమున్నా మాత్ర వేసుకోవలసిందే అంది.

వియ్యపురాలు మాత్రం, "వ్రతం నాడు మింగితే అమ్మవారికి కోపం రాదూ?" అని గొణిగింది.

"నా కూతుర్ని కోయిస్తే సంతోషిస్తుందా వదినా?" అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఆసుపత్రిలో తోడుండడానికని సర్దిన సంచి విప్పకు అక్కయ్యా, దానితోనే గురువారం పూజకు వచ్చెయ్యి. మైలని ఝునాను ఇన్నాళ్లూ ముగ్గుపిండి ముట్టుకోనివ్వలేదు. ఈసారి వియ్యపురాలే తడిముగ్గుకు పిండి కలిపి, గిన్నె దాని చేతికిస్తానంది.

నీ తమ్ముడు