బావి పలక మీద మూడో పేరు

కర్నూలు
1954 ఏప్రిల్, శుక్రవారం

పొద్దున వఠారం గేటు దగ్గర నల్లపలక మీద బావి వంతులు రాస్తూ, అలవాటు కొద్దీ మూడో పేరు పక్కవాటా ఖాసింబీదే రాశాను. ఆమె పోయి తొమ్మిది రోజులైంది. నీళ్లు తోడేది ఆడవాళ్లే కాబట్టి పలక మీద వాళ్ల పేర్లే ఉంటాయి.

పొరపాటు గమనించేసరికి రెండో వంతు అయిపోయింది. నాలుగో వంతు లక్ష్మమ్మది. ఆమె చేదను గట్టు మీద పెట్టి నిలబడింది.

"నువ్వు తోడుకోమ్మా, ఆ పేరు మరిచిపోయి రాసినా," అన్నాను.

"ఉండప్పా, ఆమె వంతు అయిపోనీ," అంది.

వెనక ఉన్నవాళ్లూ కదలలేదు. బావి అడుగంటిన ఈ ఎండల్లో.

అంతలో ఖాసింబీ భర్త బిందె పట్టుకుని వచ్చాడు. ఆయన్ను బావి దగ్గర చూడటం ఇదే మొదలు.

"ఆమె పేరు ఉండాదని వచ్చినానప్పా," అన్నాడు. సగం నీళ్లు ఒలకబోసుకుంటూ తోడుకుని వెళ్లాడు.

సాయంత్రం పలక తుడవబోయి ఆగిపోయాను. పోయిన నెల ఖాసింబీ దగ్గుతూ ఆలస్యంగా వచ్చి, ఒక్క బిందె ఇప్పించమని అడిగింది. వంతు తప్పితే నీళ్లు లేవన్న నియమం నాదే. ఆమె చూస్తుండగానే పేరు కొట్టేశాను. ఆ రోజు ఆమె కోసం ఎవరూ ఆగలేదు. ఆగమని నేనూ అనలేదు.