ఇస్త్రీపెట్టె ప్లగ్గు

సరళా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నిన్న మన మేడమీద అద్దెకుండే లక్ష్మి ఇస్త్రీ చేస్తుంటే కరెంటు పోయింది. ప్లగ్గు తీయకుండానే కంకిపాడులో పెళ్లికి వెళ్లిపోయింది. కరెంటు వచ్చిన కాసేపటికి కిటికీలోంచి పొగ కనిపించింది. నేను కింద మెయిన్ ఆపేశాను. పక్కింటివాళ్లు తాళం పగలగొట్టి మంట ఆర్పారు. బల్ల, ఒక పట్టుచీర కాలిపోయాయి.

సాయంత్రం లక్ష్మి వచ్చి, "పిన్నిగారుంటే మెట్ల దగ్గరే ఆపి, ప్లగ్గులు తీశావా అని అడిగేవారండీ," అంది.

ఈ ఉదయం ఆమె ఆఫీసుకు బయల్దేరుతుంటే, "ప్లగ్గులన్నీ తీశావామ్మా?" అని నేనే అడిగాను.

"తీసినట్టే గుర్తు, బాబాయిగారూ," అంటూనే చెప్పులు విప్పి మళ్లీ పైకి వెళ్లింది. ఆమె దిగి వచ్చేదాకా మెట్ల దగ్గరే నిలబడ్డాను.